జనం ఎక్కని రైడ్ స్థానంలో ఏం పెట్టాలి? ఫిగ్మెంట్ రైడ్ పట్టుకుని అడుగడుగునా ఆలోచిద్దాం

2022 జనవరిలో ఫ్లోరిడాలో డిస్నీ వాళ్ళ ఎప్‌కాట్ పార్కులో ఒక ప్లాస్టిక్ పాప్‌కార్న్ డబ్బా కోసం జనం గంటల తరబడి లైన్లో నిలబడ్డారు. ఊదా రంగు డ్రాగన్ బొమ్మ డబ్బా అది, ఆ డ్రాగన్ పేరు ఫిగ్మెంట్. అదే ఫిగ్మెంట్‌తో అదే పార్కులో ఒక రైడ్ కూడా ఉంది. పార్కు కిటకిటలాడే రోజుల్లో కూడా దానికి పెద్దగా లైన్ ఉండదు, ఎండలో తిరిగి కాళ్ళు లాగుతుంటే ఏసీలో కాసేపు కూర్చుందామని లోపలికి వెళ్ళేవాళ్ళూ ఉంటారు. బొమ్మ అంటే అంత ప్రాణం పెట్టే జనం, ఆ బొమ్మ రైడ్‌కి ఎందుకు వెళ్ళట్లేదు?

ఈ ప్రశ్నకి సమాధానం వెతక్కుండా "అది తీసేసి రోలర్ కోస్టర్ పెట్టండి" అనడం చాలా తేలిక. నేనూ కొన్నాళ్ళు అలాగే అన్నాను. తర్వాత పాత రైడ్ల చరిత్ర చదువుతూ, పార్కుల్లో గడియారం పట్టుకుని నిలబడుతూ నేర్చుకున్న పద్ధతి ఇది. డిజైన్ చదువుతున్న పిల్లలకి, మన ఊళ్ళలో చిన్న పార్కులు నడుపుతున్నవాళ్ళకి, ఊరికే ఇష్టం కొద్దీ ఐడియాలు రాసుకునేవాళ్ళకి, అందరికీ పనికొస్తుంది.

అడుగు 1: "ఎవరూ ఎక్కట్లేదు" అనే మాటని లెక్కలోకి మార్చండి

లైన్ చిన్నగా ఉంటే రైడ్ ఎవరికీ నచ్చలేదని కాదు. కొన్ని రైడ్లలో బండ్లు ఆగకుండా గొలుసులా నడుస్తూనే ఉంటాయి, వాటిని ఆమ్నిమూవర్ అంటారు, డిస్నీ పార్కుల్లోని దెయ్యాల భవంతి రైడ్ అలాంటిదే. అవి గంటకి రెండు వేల మందికి పైగా మింగేస్తాయి కాబట్టి ఎంతమంది వచ్చినా లైన్ కదులుతూనే ఉంటుంది. ఇంకోవైపు, గంటకి ఆరేడు వందల మందిని మాత్రమే ఎక్కించుకోగల మామూలు రైడ్ ముందు ఎప్పుడూ లైన్ కనిపిస్తుంది, అంతమాత్రాన అది గొప్ప రైడ్ అయిపోదు.

కాబట్టి ముందు కెపాసిటీ లెక్కేయండి. బండికి ఎన్ని సీట్లు, ఎన్ని సెకన్లకి ఒక బండి బయల్దేరుతోంది, ఈ రెండు తెలిస్తే చాలు. 8 సీట్ల బండి 24 సెకన్లకి ఒకటి చొప్పున వెళ్తే గంటకి 150 బండ్లు, అంటే 1,200 మంది. ఎక్కడానికి తడబడో, బెల్ట్ పెట్టుకోవడం ఆలస్యమయ్యో అదే 30 సెకన్లు పడితే 960 మంది. ఆరు సెకన్ల తేడాకి గంటకి 240 మంది తగ్గారు, పది గంటల రోజులో 2,400 మంది. ఇది కాగితం మీద చూసుకున్న రోజు నుంచి నేను ఏ రైడ్‌కి వెళ్ళినా ముందు ఎక్కే చోటే చూస్తున్నాను.

తర్వాత ఖాళీ సీట్లు లెక్కపెట్టండి. పొద్దున పదకొండుకి ఒకసారి, మధ్యాహ్నం మూడుకి ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి, ప్రతిసారీ ఇరవై బండ్లు. బయటికొచ్చే దారి దగ్గర కూడా కాసేపు నిలబడి మొహాలు చూడండి. పిల్లలు "ఇంకోసారి" అంటూ చెయ్యి పట్టి లాగుతున్నారా, లేక అందరూ ఫోన్లు తీసి తర్వాతి రైడ్ వెతుక్కుంటూ వెళ్ళిపోతున్నారా? బోర్డు మీద రాసిన నిమిషాల కన్నా ఇదే ఎక్కువ చెబుతుంది.

అడుగు 2: జబ్బు ఎక్కడుందో విడదీయండి

రైడ్ ఫెయిలైందంటే అన్నీ ఫెయిలైనట్టు కాదు. కథ బాగోకపోవచ్చు, యంత్రం సరిపోకపోవచ్చు, కెపాసిటీ చాలకపోవచ్చు, చోటు మూలన పడిపోయి ఉండొచ్చు, వచ్చే జనానికీ రైడ్‌కీ పొత్తు కుదరకపోవచ్చు. వీటిలో ఏదో తేల్చుకోకుండా మొదలుపెడితే బాగున్నదాన్ని పీకేసి పాడైనదాన్ని ఉంచేస్తాం.

కథ మాత్రమే పాడైన దానికి మంచి ఉదాహరణ డిస్నీ వాళ్ళ కాలిఫోర్నియా అడ్వెంచర్ పార్కులోని సూపర్‌స్టార్ లిమో. 2001 ఫిబ్రవరిలో పార్కుతో పాటే మొదలైంది, సినిమా తారలాగా లిమోలో ఊరేగడం దాని కథ, ఏడాది తిరక్కుండా 2002 జనవరిలో మూసేశారు. కానీ అక్కడి ట్రాక్‌లో, బండ్లలో తప్పేం లేదు. అందుకే అదే దారిని ఉంచి, లిమోలని టాక్సీలు చేసి, 2006లో మాన్‌స్టర్స్ ఇంక్ అనే కార్టూన్ సినిమా పాత్రలతో కొత్త రైడ్ తెరిచారు. చిన్నపిల్లలున్న కుటుంబాలకి అది ఆ తర్వాత చాలా ఏళ్ళు పనికొచ్చింది.

యంత్రమే అడ్డుపడిన కథ డిస్నీల్యాండ్‌లోని రాకెట్ రాడ్స్‌ది. 1967 నుంచి 1995 దాకా నెమ్మదిగా నడిచిన పీపుల్‌మూవర్ అనే రైడ్ ట్రాక్ మీదే 1998లో వేగంగా వెళ్ళే బండ్లు పెట్టారు. ఆ ట్రాక్ మలుపుల్లో వాలు లేదు, అందుకని బండి తిన్నటి దారిలో దూసుకెళ్ళడం, ప్రతి మలుపు దగ్గరా వేగం తగ్గించుకోవడం, మళ్ళీ దూసుకెళ్ళడం. మాటిమాటికీ చెడిపోయేది. రెండేళ్ళు కాస్త దాటగానే 2000లో ఆగిపోయింది. కొత్త ఐడియా రాసేటప్పుడు "పాత ట్రాక్ ఉంది కదా, డబ్బు మిగులుతుంది" అని మనసులో అనిపించిన ప్రతిసారీ నేను దీన్ని గుర్తు చేసుకుంటాను.

జనానికీ రైడ్‌కీ పొత్తు కుదరకపోవడం చూడాలంటే ఫ్లోరిడాలో డిస్నీ వాళ్ళదే ఇంకో పార్కు, మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఒకే భవనంలో జరిగింది చూడండి. 1971లో చంద్రయానం, 1975లో అంగారక యానం, 1995లో గ్రహాంతర జీవితో భయపెట్టే షో, 2004లో స్టిచ్ అనే కార్టూన్ పాత్ర షో. గుండ్రటి థియేటర్ మాత్రం అదే. భయపెట్టే షో కోసం భుజాల మీదికి దిగే కడ్డీలు పెట్టారు, తర్వాత చిన్నపిల్లలకి ఇష్టమైన స్టిచ్ వచ్చినా కడ్డీలూ చీకటీ అలాగే ఉండిపోయాయి. తమకి నచ్చిన బొమ్మని చూద్దామని ఎక్కిన పిల్లలు చీకట్లో కదల్లేక ఏడ్చేవారు. 2018 జనవరిలో అదీ మూతపడింది.

అడుగు 3: ఏది ముట్టుకోకూడదో ముందే రాసుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇదే, ఫిగ్మెంట్ రైడ్‌లో దెబ్బతిన్నదీ ఇక్కడే, అందుకని కాస్త వివరంగా చెబుతాను.

ఎప్‌కాట్ 1982 అక్టోబర్ 1న మొదలైంది, ఫిగ్మెంట్ ఉన్న ఈ ఇమాజినేషన్ రైడ్ తర్వాతి ఏడాది మార్చిలో తెరిచారు. స్పాన్సర్ కొడాక్, డిజైన్ టోనీ బాక్స్‌టర్ బృందానిది, పాట షెర్మన్ సోదరులది. ఎర్ర గడ్డం, టోపీ, కోటుతో డ్రీమ్‌ఫైండర్ అనే పెద్దాయన చిత్రమైన ఎగిరే యంత్రంలో తిరుగుతూ రంగులూ శబ్దాలూ ఆలోచనలూ పోగుచేస్తుంటాడు, వాటిలోంచి మన కళ్ళ ముందే ఫిగ్మెంట్ పుడుతుంది. ఈ మొదటి దృశ్యం కోసం వాళ్ళు చేసిన పని చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. పెద్ద గుండ్రటి వేదిక తిరుగుతుంటుంది, దాని మీద ఒకే సెట్ ఐదు కాపీలు, చుట్టూ మన బండ్లు అదే వేగంతో కదులుతాయి. మనం కదులుతున్నట్టే ఉండదు, ఎదురుగా నాటకం నిలకడగా కొన్ని నిమిషాల పాటు జరుగుతుంది. పది సెకన్లలో దాటిపోయే బొమ్మ కాదు, పరిచయం చేసుకుని దగ్గరయ్యే మనిషి. పైన గాజు పిరమిడ్ల కింద ఇమేజ్ వర్క్స్ ఉండేది, రంగులు మారే సొరంగం, అడుగేస్తే సంగీతం పలికే నేల, చేతులూపితే వాయించే వాద్యబృందం, పిల్లలు అక్కడే గంటలు గడిపేవారు.

పదిహేనేళ్ళకి యంత్రాలు పాతబడ్డాయి, ఖర్చు పెరిగింది. 1998 అక్టోబర్‌లో మూసి దాదాపు ఏడాదికి, 1999 అక్టోబర్ 1న కొత్తది తెరిచారు. డ్రీమ్‌ఫైండర్ లేడు. ఫిగ్మెంట్ ఉందంటే ఉంది, ఒకటి రెండు చోట్ల కనపడి మాయం. తిరిగే వేదిక లేదు, రైడ్ దాదాపు సగానికి కుదించుకుపోయింది, పై అంతస్తు మూసేశారు. కథ ఏమిటంటే ఒక సంస్థలో మన ఊహాశక్తిని స్కాన్ చేస్తారు, మీ బుర్రలో ఏమీ లేదని తేలుస్తారు. ఒకప్పుడు నీలో నిప్పురవ్వ ఉందని చెప్పిన చోట, వచ్చినవాళ్ళని పట్టుకుని నీలో ఏమీ లేదన్నారు! ఫిర్యాదులు వెల్లువెత్తాయి. రెండేళ్ళకే 2001 అక్టోబర్‌లో మళ్ళీ మూసి, 2002 జూన్‌లో ఫిగ్మెంట్‌ని, పాత పాటని వెనక్కి తెచ్చారు. డ్రీమ్‌ఫైండర్ మాత్రం రాలేదు, సంస్థ కథ అలాగే ఉండిపోయింది, ఇప్పుడు నడుస్తున్నది అదే.

పాతబడింది యంత్రం. తీసేసింది మనుషుల్ని.

మీ జాబితా ఎలా తయారు చేయాలంటే, ఆ రైడ్ ఎక్కిన పదిమందిని "మీకు ఏం గుర్తుంది?" అని అడగండి. "నచ్చిందా?" అని అడగొద్దు, మర్యాదకి నచ్చిందనేస్తారు. పదిమందిలో ఏడుగురు ఒకే పాట కూనిరాగం తీస్తే ఆ పాట ఉండాల్సిందే. స్కంక్ అనే కంపుకొట్టే జంతువు వాసన వచ్చే గది గురించి అందరూ ముక్కు మూసుకుంటూ నవ్వితే దాన్ని కూడా రాసుకోండి, ఇప్పటి ఫిగ్మెంట్ రైడ్‌లో పిల్లలు ఇంటికెళ్ళి చెప్పేది ఆ గది గురించే. బొమ్మలు, టీషర్టులు, పాప్‌కార్న్ డబ్బా అమ్మకాలు కూడా ఓట్ల లాంటివే.

అడుగు 4: గోడలూ స్తంభాలూ కొలవండి

భవనం ఎంత పెద్దది, సీలింగ్ ఎత్తెంత, మధ్యలో తీయడానికి వీల్లేని స్తంభాలు ఎక్కడ, అగ్నిప్రమాదం జరిగితే బయటపడే దారులు ఎన్ని, కరెంటు లోడ్ ఎంత, నీళ్ళు పోయే దారి ఉందా. బయటివాళ్ళకి ప్లాన్లు దొరకవు, కానీ ఉపగ్రహ మ్యాపులో పైకప్పు కొలిస్తే సుమారుగా తెలుస్తుంది.

పాతది వాడుకుంటే దాని పరిమితులు కూడా మనకే వస్తాయి. ఎప్‌కాట్ నార్వే విభాగంలో 1988లో మొదలైన మేల్‌స్ట్రోమ్ పడవల రైడ్‌ని 2014 అక్టోబర్‌లో మూసి, అదే కాలువలో, అవే పడవలతో 2016 జూన్‌లో ఫ్రోజెన్ సినిమా కథతో రైడ్ తెరిచారు. అందంగా చేశారు. కానీ ఒక మోస్తరు జనం కోసం కట్టిన కాలువ మీదికి ప్రపంచంలోని పిల్లలంతా వచ్చిపడ్డారు, దాంతో లైన్ విపరీతంగా పెరిగింది. దీనికి ఎదురు ఉదాహరణ, ఎప్‌కాట్‌లోనే 1982 నాటి యూనివర్స్ ఆఫ్ ఎనర్జీ భవనం. కొత్త కోస్టర్ అందులో పట్టదని తెలిసి, పాత భవనాన్ని లైనుకీ ముందుమాట షోకీ వాడుకుని, వెనకాల ఇంకా పెద్ద భవనం కట్టారు. 2017 ఆగస్టులో మూసినది 2022 మేలో తెరుచుకుంది, మధ్యలో కోవిడ్ కూడా వచ్చింది. అంత కాలం ఒక పార్కు మూల ఖాళీగా ఉండటం మీ పార్కు తట్టుకోగలదా లేదా, అది కూడా ఈ కొలతల్లోనే పెట్టండి.

ఉన్న యంత్రం బాగా కుదిరితే మాత్రం పని ఎంత త్వరగా అవుతుందో చూడండి. కాలిఫోర్నియాలో పైనుంచి కిందికి పడే లిఫ్ట్ టవర్‌ని 2017 జనవరి 2న మూసి మే 27కల్లా గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ సినిమా కథతో తెరిచేశారు. ఐదు నెలలు కూడా పట్టలేదు.

అడుగు 5: బెంచీ మీద కూర్చున్నవాళ్ళని చూడండి

మా అమ్మ అమెరికాకి మా దగ్గరికి వచ్చినప్పుడు ఎప్‌కాట్‌కి తీసుకెళ్ళాం. మోకాళ్ళ నొప్పులు, కాటన్ చీర, చేతిలో పులిహోర డబ్బా ఉన్న సంచి. రైడ్ల దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ "మీరు వెళ్ళి రండి, నేను సామాన్లు చూస్తుంటా" అనేది. కదిలే పట్టీ మీద నడుస్తూ ఎక్కాల్సిన బండి చూడగానే రెండడుగులు వెనక్కేసింది. కానీ కూరగాయలు పెంచే గ్రీన్‌హౌస్‌ల మధ్యగా వెళ్ళే పడవ రైడ్ ఒకటుంది అక్కడ, అది మాత్రం రెండుసార్లు ఎక్కింది, చెట్టులా పందిరెక్కించిన టమాటాలు చూసి ఇంటికి ఫోన్ చేసి చెప్పింది. ఆ పద్నాలుగు నిమిషాలే ఆ రోజు మేమంతా ఒకే బండిలో కూర్చున్న సమయం.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, అమ్మానాన్నలు వచ్చినప్పుడు ప్రతి ఇంట్లోనూ ఇదే. అందుకని పార్కులో ప్రతి రైడ్‌కీ ఎత్తు నిబంధన ఏమిటో ఒక కాగితం మీద రాయండి. ఎప్‌కాట్ ముందు భాగంలోనే సోరిన్‌కి 40 అంగుళాలు, టెస్ట్ ట్రాక్‌కి 40, కొత్త కోస్టర్‌కి 42. మూడేళ్ళ పాపకీ డెబ్బై ఏళ్ళ అమ్మమ్మకీ కలిపి మిగిలేవి కొన్నే, వాటిలో ఫిగ్మెంట్ ఒకటి. అలాంటి చోట కోస్టర్ పెడితే ఒక కుటుంబంలో ఇద్దరిని బెంచీ మీద కూర్చోబెట్టినట్టే. అందుకే నా పాత ఐడియాని నేనే పక్కన పెట్టేశాను.

మన దగ్గర పార్కులకైతే ఈ లెక్క వేరేగా ఉంటుంది. హైదరాబాద్‌లో 2016లో మొదలైన వండర్‌లా లాంటి చోటికి స్కూల్ బస్సులు ఒకేసారి దిగుతాయి, ఏప్రిల్ ఎండలో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా బయట నిలబడటం కష్టం. అక్కడ జనం రాని రైడ్ స్థానంలో ఏం పెట్టినా, నీడా కూర్చునే చోటూ ఉన్న లైన్, ఒకేసారి యాభై మందిని లోపలికి తీసుకునే ఏర్పాటు, ఈ రెండూ కథ కన్నా ముందు రావాలి.

అడుగు 6: ఒక్క ఐడియా కాదు, మూడు సైజుల్లో రాయండి

పెద్ద ఐడియా ఒక్కటే రాస్తే డబ్బు లేదని పక్కన పెడతారు. ఫిగ్మెంట్‌కి నేను రాసుకున్నవి ఇవి.

చిన్నది: ట్రాక్, బండ్లు, గదులు అలాగే ఉంచి కథ మార్చడం. సంస్థ, స్కానింగ్ పోవాలి, డ్రీమ్‌ఫైండర్ రావాలి. ఇప్పుడున్న శబ్దం గది, చూపు గది, వాసన గది అన్నీ ఆయన పోగుచేసుకునే వస్తువుల గదులుగా మార్చొచ్చు. వాసన గదిలో స్కంక్ కంపు తర్వాత ఒక మంచి వాసన కూడా ఉండాలి, వాన పడ్డ మట్టిదో, అప్పుడే కాల్చిన రొట్టెదో.

మధ్యరకం: పై అంతస్తులో ఇమేజ్ వర్క్స్ మళ్ళీ తెరవడం. రైడ్‌లో మీ బండి ఎంచుకున్న రంగు, శబ్దం పైకి వెళ్ళేసరికి మీకోసం ఎదురుచూస్తుండాలి, దాంతో పాప తన బొమ్మ గీసుకోవాలి. నాకు ఇదే అన్నిటికన్నా ఇష్టం. ఎందుకంటే ఊహ గురించి చెప్పే రైడ్‌లో మన ఊహకి పని ఉండాలి కదా.

పెద్దది: లోపలంతా ఖాళీ చేసి పట్టాల్లేని బండ్లు పెట్టడం. ఇది కొత్త ప్రయోగమేం కాదు, టోక్యో డిస్నీల్యాండ్‌లో 2000 నుంచి, హాంకాంగ్‌లో 2013 నుంచి అలాంటి రైడ్లు నడుస్తున్నాయి. బండ్లు విడిపోతాయి, కలుస్తాయి, ఒక్కో బండికి ఒక్కో దారి. మొదటి దృశ్యానికి మాత్రం బండ్లు గుండ్రంగా తిరుగుతూ ఫిగ్మెంట్ పుట్టుకని తాపీగా చూడాలి, పాత వేదిక ఇచ్చిన ఆ నిలకడ పోకూడదు.

ప్రతి ఐడియా కిందా నాలుగు విషయాలు రాయండి: గంటకి ఎంతమంది, ఎన్ని నెలలు మూసి ఉంచాలి, అడుగు 3 జాబితాలో ఏవి మిగిలాయి, బెంచీ మీద ఎవరు మిగిలిపోయారు.

అడుగు 7: డైనింగ్ కుర్చీలతో పరీక్షించండి

బల్ల పక్కకి జరిపి నాలుగు కుర్చీలు రెండు వరసలుగా వేయండి. లైట్లు ఆర్పి, డైలాగులు ఫోన్లో రికార్డు చేసి వినిపించండి. బండి నెమ్మదిగా, సెకనుకి అర మీటరు వెళ్తుందనుకుంటే, ఆరు మీటర్ల దృశ్యం 12 సెకన్లలో దాటిపోతుంది. నేను డ్రీమ్‌ఫైండర్ మొదటి మాటలు ఎంతో ప్రేమగా రాసుకుని మా పిల్లల ముందు వినిపించాను. 31 సెకన్లు వచ్చింది! అంటే ఆయన సగం వాక్యంలో ఉండగానే బండి పక్క గదిలోకి వెళ్ళిపోతుంది. కొట్టేస్తూ కొట్టేస్తూ తొమ్మిది మాటలకి తెచ్చాను. మా చిన్నది ఆ తొమ్మిది మాటలూ మర్నాడు స్కూలుకి వెళ్తూ అప్పజెప్పింది, అప్పుడు దాన్ని ఖాయం చేశాను.

పరీక్షలో మాటలు ఆపేసి కూడా ఒకసారి చూపించండి. ఇంగ్లిష్ అర్థం కానివాళ్ళకి, గోలలో వినపడనివాళ్ళకి బొమ్మలతోనే కథ తెలియాలి. అమ్మకి వీడియో కాల్‌లో నా బొమ్మలు చూపించి "ఏం జరుగుతోందమ్మా?" అని అడుగుతాను, ఆమె చెప్పిన కథ నేను అనుకున్న కథ ఒకటయ్యేదాకా గీస్తాను.

అడుగు 8: మూసే రోజు గురించి కూడా రాయండి

ఎంత జనం రాని రైడ్‌కైనా దాన్ని ప్రేమించినవాళ్ళు ఉంటారు. చిన్నప్పుడు నాన్న పక్కన కూర్చుని ఎక్కినవాళ్ళు ఉంటారు. ముందుగా తేదీ చెప్పండి, చివరి రోజున వాళ్ళని రానివ్వండి. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో టోడ్ దొరగారి (పిల్లల కథలోని కప్ప) రైడ్‌ని 1998లో మూసేస్తుంటే అభిమానులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఆ చోటికి 1999లో విన్నీ ద పూ అనే ఎలుగుబంటి వచ్చాడు, లోపల ఒక గోడ మీద టోడ్ తన ఇంటి కాగితాలు పూ కథలోని గుడ్లగూబకి అప్పగిస్తున్న చిన్న పటం పెట్టారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా దాన్ని వెతుక్కుని ఫొటో తీసుకుంటారు. మీ ప్లాన్‌లో అలాంటి ఒక్క పటానికి చోటు వదలండి.

అడుగు 9: రెండు పేజీల్లో రాయండి

మొదటి పేజీ మొదటి పేరాలో లెక్కలు వద్దు. బండి ఎక్కినప్పటి నుంచి దిగేదాకా ఒక ఆరేళ్ళ పాపకి ఏం కనిపిస్తుందో వర్తమానంలో రాయండి, అరపేజీ. తర్వాత కెపాసిటీ, నెలలు, మిగిలిన జాబితా. రెండో పేజీలో పైనుంచి చూసినట్టు ప్లాన్. బొమ్మలు గీయడం రాకపోయినా ఫర్వాలేదు, గడుల కాగితం మీద గదులు డబ్బాలుగా, దారి బాణంగా, బయటపడే తలుపులు ఎర్ర గీతగా పెడితే చాలు. నా కాగితం మీద ముందు పడింది ఒక పెద్ద సున్నా, దాని చుట్టూ ఐదు చిన్న డబ్బాలు, సున్నా మధ్యలో రెండు చిన్న కొమ్ములు.